ఫ్రీజర్‌లో దాచిన ఆగస్టు

ఆగస్టు వచ్చిందంటే కారుకు తాళం వేసుకోవాలని మా ఒహాయోలో ఒక పాత హాస్యం. దొంగల భయానికి కాదు. తాళం వేయకుండా చర్చిలోకి వెళ్లొస్తే, వెనక సీట్లో ఎవరో నాలుగు జుకినీలు పడేసి పోయి ఉంటారు. పక్కింటి గుమ్మంలో గుట్టుచప్పుడు కాకుండా జుకినీ వదిలి రావడానికి ఆగస్టు 8వ తేదీని సరదాకి ఒక పండగలా కూడా ఖాయం చేశారు. మా కొలంబస్ పక్కనే ఉన్న ఓబెట్జ్ అనే చిన్న ఊళ్లో ఏటా జుకినీ జాతరే జరుగుతుంది. రెండు మొక్కలు వేసిన ఇంట్లో జూలై దాటితే తినేవాళ్లు చాలరు. ఇస్తామంటే పుచ్చుకునేవాళ్లూ ఉండరు, వాళ్ల పెరట్లోనూ అదే కాపు. ఆకు చాటున ఒక్క కాయ మన కన్నుగప్పితే చాలు, వారం తిరిగేసరికి సొరకాయంత అయి కూర్చుంటుంది.

మిగిలిన కాయల్ని తురిమి, పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో వేసి, బయట మంచు పడుతున్నప్పుడు తీసి జుకినీ బ్రెడ్ చేసుకోవడం ఇక్కడి ఇళ్లలో ఆనవాయితీ. బ్రెడ్డని పేరే గానీ అది అచ్చంగా కేకు. ఎవరినడిగినా "మా అమ్మమ్మల నాటి నుంచీ ఉంది" అంటారు. ఆ మాటను ఊరికే ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. నేను 1988లో తెనాలి నుంచి కోడలిగా ఇక్కడికి వచ్చి, ఊరి లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషిని. పాత పుస్తకం కనబడితే వెనక పేజీలు తిప్పే బుద్ధి పోదు.

ఇక్కడ చర్చి ఆడవాళ్లు చందాల కోసం వంటల పుస్తకాలు వేసేవాళ్లు. ప్లాస్టిక్ చుట్ట బైండింగు, ఒక్కో వంట కింద చేసినావిడ పేరు, అదీ "మిసెస్" అని భర్త పేరుతో. గ్యారేజ్ సేల్స్‌లో పావలాకీ అర్ధకీ దొరికే ఆ పుస్తకాలు మా నేలమాళిగలో ఒక అలమారా నిండా ఉన్నాయి. 1950ల నాటి వాటిలో గుమ్మడి పై, అరటిపండు బ్రెడ్, దుంపల కూరలు, జెల్లీలో ముంచిన రకరకాల వింతలు అన్నీ ఉంటాయి. జుకినీ మాత్రం ఎక్కడో ఒకచోట టమాటాతో కలిపి వండిన కూరగా తగులుతుంది. 1970ల నడుమకు వచ్చేసరికి ఒక్కో పుస్తకంలో మూడు నాలుగు జుకినీ బ్రెడ్లు, పైగా "రెండు కప్పుల తురుము, తాజాది గానీ ఫ్రీజర్‌లోది గానీ" అని అడుగున ఒక ముక్క. 1973లో జేమ్స్ బియర్డ్ రొట్టెల మీద రాసిన పేరుమోసిన పుస్తకంలో కూడా జుకినీ బ్రెడ్‌కు చోటు దొరికింది. అంటే ఈ ఆనవాయితీ రూపు కట్టింది మన ఎమర్జెన్సీ రోజులకు కాస్త అటూ ఇటూ.

జుకినీ పుట్టిన గుమ్మడి జాతి మాత్రం పాతదే, ఎంత పాతదంటే మొక్కజొన్న కంటే కూడా. మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో గిలా నకీట్స్ అనే గుహలో దొరికిన గింజలను పరీక్షించి, ఈ గుమ్మడి జాతిని మనుషులు దాదాపు 10,000 ఏళ్ల కిందటే సాగుచేశారని 1997లో బ్రూస్ స్మిత్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఉత్తరాన మిస్సౌరీ నది ఒడ్డున హిడాట్సా తెగ ఆడవాళ్లు కూడా తమ చేలల్లో గుమ్మడి పండించేవాళ్లు. వాళ్లలో బఫెలో బర్డ్ ఉమన్ అనే పెద్దావిడ తన సేద్యం సంగతులన్నీ గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడికి పూసగుచ్చినట్టు చెప్పింది. అది 1917లో పుస్తకమై వచ్చింది. లైబ్రరీలో ఉన్నప్పుడు నేను ఎక్కువసార్లు నా పేరు మీదే తీసుకున్న పుస్తకాల్లో అదొకటి.

ఎండబెట్టే గుమ్మడిని వాళ్లు ముదరనిచ్చేవాళ్లు కాదు. నాలుగు రోజులకోసారి చేలోకి వెళ్లి లేత కాయలు కోసుకొచ్చేవాళ్లు. బైసన్ దున్న భుజం ఎముకతో చేసిన పలచటి కత్తితో చక్రాల్లా తరిగి, విల్లో పుల్లలకు గుచ్చి, ఇంటి ముందు కట్టిన మంచె మీద ఎండకు పెట్టేవాళ్లు. వాన కురిస్తే ముక్క పాడైపోతుంది కనుక ఒక కన్ను ఆకాశం మీదే. ఎండిన ముక్కల్ని దారాలకు మార్చి దండలుగా కట్టి, నేల పాతర్లలో దాచేవాళ్లు. ఆ పాతర నింపడంలో ఒక ఒడుపుంది. ఎండు గుమ్మడి దండలు తేమను ఇట్టే పీల్చుకుంటాయి కాబట్టి వాటిని పాతర నడిమధ్యలో పెట్టి, చుట్టూ మొక్కజొన్న గింజలు పోసేవాళ్లు. నేలలోని చెమ్మను గింజలు అడ్డుకునేవి. చలికాలంలో గుమ్మడి తినాలన్న కోరిక ఈ నేల మీద కొత్తది కాదన్నమాట. చర్చి పుస్తకాల అమ్మమ్మలకంటే ముందే ఈ అమ్మమ్మలున్నారు. వాళ్ల పేర్లు ఏ వంటపుస్తకంలోనూ ఉండవు.

మనం ఇప్పుడు చూసే పచ్చటి, పొడుగాటి, పొదలా కూర్చుని కాసే జుకినీ మాత్రం అమెరికాలో పుట్టలేదు. ఇక్కడి గింజ సముద్రం దాటి ఇటలీ చేరింది. మిలాన్ చుట్టుపక్కల తోటమాలులు దాన్ని ఏరి ఏరి పెంచి 19వ శతాబ్దం చివరికి ఈ రూపానికి తెచ్చారు. 1920ల ప్రాంతంలో ఇటలీ వలసజనంతో మళ్లీ ఇటు వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని ఇటలీవాళ్ల కాయగానే చూశారు. వెల్లుల్లి తినేవాళ్ల కూరగాయ మనకెందుకన్నట్టు.

ఇక దాచడం. 1858లో జాన్ లాండిస్ మేసన్ మరమూత సీసాకు పేటెంటు తీసుకున్నాక, అమెరికా పల్లె ఆడవాళ్లకు సీసాల్లో పెట్టడం అన్నది మనకు ఆవకాయ ఎంతో అంత. టమాటాలు, పీచ్‌లు, బీన్సు, అన్నీ సీసాలే. మరి జుకినీని సీసాలో పెట్టరెందుకు? ఊరగాయగా అయితే పెడతారు, వెనిగర్ పులుపు కాపాడుతుంది. వట్టి కాయగా పెడితే ప్రాణాల మీదికి వస్తుంది. పులుపు లేని, గాలి ఆడని, తేమ ఉన్న చోట బాట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి హాయిగా పెరుగుతుంది. దాని బీజాలు మామూలు మరుగునీళ్లకు చావవు. ప్రెషర్ క్యానర్‌లో 116 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి జుకినీ గుజ్జు గుజ్జయి సీసాలో గట్టిగా అణగిపోతుంది. అలా అణగిన ముద్ద నడిమికి వేడి ఎంతసేపటికి చేరుతుందో లెక్క నమ్మకంగా తేలదు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ పాత పుస్తకాల్లో ఇచ్చిన సీసా పద్ధతిని తర్వాత తనే వెనక్కి తీసుకుంది. ఎండబెడదామంటే ఒహాయో ఆగస్టు ఎండలో ఉక్కే ఎక్కువ. మిగిలింది చలి ఒక్కటే.

ఆ చలిని ఇంట్లోకి తెచ్చుకోవడానికి పట్టిన కాలం తక్కువ కాదు. చలిని పెద్ద వ్యాపారంగా మలిచిన మొనగాడు బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్. మసాచుసెట్స్ చెరువుల్లో చలికాలంలో గడ్డకట్టిన మంచును దిమ్మెలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి ఓడలకెక్కించాడు. 1833లో ఆ మంచు కలకత్తా చేరింది. మద్రాసు సముద్రపు ఒడ్డున దాన్ని నిలవచేయడానికి కట్టిందే ఐస్ హౌస్, ఇప్పుడు వివేకానంద ఇల్లం అంటున్న గుండ్రటి భవనం. మన పెద్దలు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ పేరుతోనే పేటను పిలిచేవాళ్లు. అమెరికా చెరువులో పుట్టిన మంచు మన రాజధాని మెరీనా మీద నిలవుండేదన్న సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ విచిత్రమే. ట్యూడర్ వ్యాపారమంతా చలికాలాన్ని వేసవికి అమ్మడం. జుకినీ తురుము కథ దీనికి ఎదురు నడక.

తిండిని గడ్డకట్టించడంలో కిటుకు దొరికింది మాత్రం లాబ్రడార్‌లో. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే బ్రూక్లిన్ మనిషి 1912 నుంచి కొన్నేళ్లు అక్కడ ఉన్నాడు. ఇన్యూట్ జనం మంచుకు బెజ్జం చేసి చేప పట్టగానే, ఆ గాలికి అది చిటికెలో కొయ్యముక్కలా బిగుసుకుపోయేది. నెలల తర్వాత కరిగించి వండినా రుచి చెడేది కాదు. కారణం ఆయనకు తట్టింది. నెమ్మదిగా గడ్డకడితే నీరు పెద్ద పెద్ద స్ఫటికాలై కణాల గోడల్ని చీల్చేస్తుంది. చప్పున గడ్డకడితే చిన్న స్ఫటికాలే, గోడలు నిలుస్తాయి. ఆ సూత్రం మీద యంత్రాలు కట్టి, కంపెనీ పెట్టి, 1929లో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్మేశాడు. 1930 మార్చి 6న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో బర్డ్స్‌ఐ పేరుతో గడ్డకట్టిన సరుకులు అమ్మకానికి వచ్చాయి.

దుకాణానికి వచ్చింది సరే, పల్లెటూరి వంటింటికి రావాలంటే ముందు కరెంటుండాలి కదా. 1930ల నడుమ అమెరికాలో పదింట తొమ్మిది పొలం ఇళ్లలో దీపం బుడ్డీలే. రూజ్‌వెల్ట్ 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టాక, దాని అప్పుతో మొదటి స్తంభం పాతింది మా ఒహాయోలోనే, పిక్వా దగ్గర, ఆ ఏడాది నవంబరులో. తీగలు వచ్చినా ఇంట్లో ఫ్రీజర్ కొనే స్తోమత అందరికీ ఎక్కడిది? ఆ మధ్య కాలంలో పుట్టిందే లాకర్.

లాకరంటే నగలు దాచేది కాదు. ఊళ్లో మాంసం కొట్టుకో, వెన్న తీసే ఫ్యాక్టరీకో ఆనుకుని ఒక పెద్ద చలిగది. అందులో గోడల పొడుగునా ఇనప సొరుగులు, ఒక్కో కుటుంబానికి ఒక సొరుగు, దానికో తాళంచెవి, ఏడాదికింత అని అద్దె. పందిని కోస్తే సగం అక్కడికే. బఠానీలు, స్ట్రాబెర్రీలు మైనం పూసిన అట్టపెట్టెల్లో అక్కడికే. మా పక్కింటి పెద్దావిడ, తొంభై దాటాక పోయింది, చిన్నప్పుడు తల్లితో లాకర్‌కు వెళ్లడం గురించి చెబుతుండేది. జూలై ఎండలో కూడా తలుపు దగ్గర మేకుకు ఉన్ని కోటు వేలాడేదట. లోపలికి వెళ్లేవాళ్లు అది తొడుక్కుని పోవాలి. తల్లి గబగబా సొరుగు తీసి, ఆదివారానికి కావలసిన మాంసం తీసుకుని, వేళ్లు ఊదుకుంటూ బయటపడేది. శనివారం అక్కడే ఊరి కబుర్లన్నీ. ఈ వైపు కొన్ని చిన్న ఊళ్ల మాంసం కొట్ల బోర్డుల మీద లాకర్ అన్న మాట ఇంకా కనిపిస్తుంది, సొరుగులే లేవు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అలవాటును ఇంటింటికీ ఎక్కించింది. తగరం సైన్యానికి పోయింది. 1943 మార్చి నుంచి డబ్బా సరుకులకు రేషన్ పెట్టారు. పెరట్లో కూరగాయలు వేసి గెలుపుకు తోడ్పడమన్నారు, దాదాపు రెండు కోట్ల పెరటి తోటలు లేచాయి. యుద్ధం ముగిశాక చేతిలో కాస్త డబ్బు, పెరట్లో తవ్వడం మరిగిన చేతులు, కరెంటు ఉన్న ఇల్లు. అప్పుడొచ్చాయి పెట్టెలాంటి డీప్ ఫ్రీజర్లు. ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కూడా 1940ల చివర్లో ఇండియానాలో ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు తయారుచేసింది. ఆయనకు ట్రాక్టర్ అమ్మిన దుకాణమే ఆవిడకు ఫ్రీజర్ అమ్మేది. మొగుడితో మాట చెల్లించుకోవడం అప్పుడు తేలికై ఉంటుంది.

ఇన్ని ఉన్నా జుకినీ తురుము ఇంకా ఫ్రీజర్‌లోకి రాలేదు. దానికి 1970ల ధరలు కావలసి వచ్చాయని నా లెక్క. 1973 నుంచి చమురు, పంచదార, మాంసం అన్నీ మండిపోయాయి. పెరటి తోటలు మళ్లీ లేచాయి. 1975లో అయితే సీసా మూతలకే కరువొచ్చింది, అమెరికా కాంగ్రెస్‌లో విచారణ జరిగేంతగా. మూతల్లేక సీసాలు ఖాళీగా కూర్చున్న ఏడు కాపు ఎక్కడికి పోతుంది? ఫ్రీజర్‌లోకి. 1968లో డౌ కెమికల్ వాళ్లు జిప్‌లాక్ సంచిని తెచ్చి ఉంచారు కూడా. అట్టపెట్టె పోయి, చేత్తో అదిమితే పలకలా పరుచుకునే సంచి వచ్చింది. తురుము లాంటి తడి సరుకుకు అంతకన్నా ఏం కావాలి?

ఎందుకు తురుమే, ఎందుకు కేకే అన్నది అసలు సంగతి. జుకినీలో నూటికి 95 పాళ్లు నీళ్లు. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది, అంటే బర్డ్స్‌ఐ భయపడ్డ పెద్ద స్ఫటికాలే. కరిగాక ముక్కలు ముక్కలుగా ఉండవు, నానిన గుడ్డలా సాగిపోతాయి. కూర చేస్తే నోట పెట్టలేం. కేకు పిండిలో కలిపితే మటుకు ఆ చితకడమే మేలు. పీచు విడిపోయి పిండిలో కలిసిపోతుంది, ఓవెన్ వేడికి తడి మెల్లగా వదులుతుంది, కేకు నాలుగు రోజులైనా ఎండదు. బర్డ్స్‌ఐ జీవితమంతా పోరాడిన దోషం ఇక్కడ గుణమైంది. మూడు కప్పుల పిండి, రెండు కప్పుల తురుము, కప్పు నూనె, మూడు గుడ్లు, వంటసోడా, దాల్చినచెక్క పొడి, వాల్‌నట్ పలుకులు. పంచదార ఎంతో చెబితే మీరు తినరు.

చేసే పద్ధతిలో ఇక్కడ రెండు మతాలున్నాయి. జార్జియా విశ్వవిద్యాలయంలోని గృహ ఆహార నిల్వ కేంద్రం వాళ్లు, తురుమును కొద్దికొద్దిగా ఒకటి రెండు నిమిషాలు, గాజులా మెరిసేదాకా ఆవిరి పట్టి, కొలిచి డబ్బాల్లో నింపి, పైన అరంగుళం ఖాళీ వదిలి, చన్నీళ్లలో చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టమంటారు. కాయలోని ఎంజైములు చలికి చావవు, మందగిస్తాయంతే. ఆవిరి పట్టకపోతే నెలలు గడిచేకొద్దీ రంగూ రుచీ దిగజారుతాయి. పక్కింటావిడ ఎప్పుడూ ఆవిరి పట్టలేదు. పెద్ద కాయను నిలువునా చీల్చి, గింజల గుజ్జు చెంచాతో గీకేసి, తొక్కతోనే పెద్ద కన్నాల తురుముపీట మీద తురిమి, సరిగ్గా రెండు కప్పులు సంచిలో వేసి పలచగా అదిమి, పైన మార్కర్‌తో నెల రాసేది. "క్రిస్మస్‌కి అయిపోయేదానికి స్నానం ఎందుకమ్మా" అనేది. ఇద్దరిదీ నిజమే. డిసెంబరు లోపు వాడితే పచ్చిది చాలు, వసంతం దాకా నిలవుంచాలంటే ఆవిరి తప్పదు.

తురుము కరిగించి గుడ్డలో వేసి పిండుతున్నప్పుడల్లా నాకు మా అమ్మ బూడిదగుమ్మడి వడియాలే. ముక్కలకు ఉప్పూ పసుపూ రాచి, మూటగట్టి, రాత్రంతా పొత్రం బరువు కింద ఉంచేది. తెల్లారి మినపపిండిలో కలిపి డాబా మీద పెట్టేది. అక్కడ నీరు పోగొట్టేది ఉప్పు, బరువు, ఎండ. ఇక్కడ ఆ పనంతా మంచు స్ఫటికం చేస్తుంది, కణాన్ని చీల్చి నీటిని మన చేతికి వదిలేస్తుంది.

కొలంబస్ తెలుగు ఇళ్లలో ఈ సంచులు వేరే దారి పట్టాయి. ఇండియా కొట్లో గడ్డకట్టిన కొబ్బరి కోరు కొనడం అలవాటైన వాళ్లకు జుకినీ తురుము కొత్తేం కాదు. బియ్యప్పిండిలో కలిపి సొరకాయ తపాలా చెక్కల బదులు వేస్తాం, దోసెల పిండిలో కలుపుతాం, పిండిన నీళ్లు చారులో పోస్తాం. మా అమ్మాయి మాత్రం కేకే చేస్తుంది, యాలకుల పొడి వేసి.

అమ్మమ్మల నాటిదన్న మాటకు నా తీర్పు ఇది: గుమ్మడిని చలికాలానికి దాచడం అమ్మమ్మలకు అమ్మమ్మల నాటిది, ఫ్రీజర్ తురుము మాత్రం అమ్మల నాటిది. చర్చి పుస్తకాలు ఇప్పుడు చెత్తబుట్టల్లోకి పోతున్నాయి. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్లు గ్యారేజ్ సేల్‌లో అలాంటిది కనిపిస్తే పావలా ఇచ్చి కొనండి, ముందు వెనక అట్ట లోపల చూడండి. చేత్తో రాసిన వంటలు అక్కడే ఉంటాయి. అలాగే మన సంఘాల ఆడవాళ్లు 1980ల్లో, 90ల్లో జిరాక్స్ తీసి పంచుకున్న వంటల కాగితాలు మీ అలమారాల్లో ఉంటే పారేయకండి. కింద పేరు, ఏడు రాసి, మీ ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి ఇవ్వండి. అడిగితే తీసుకుంటారు.